పొట్టి గేరు రాడ్డు కొనే ముందు...

ఆరోజు మా అత్తగారిని కంటి పరీక్షకు చెన్నై తీసుకెళ్తున్నాను. తడ దగ్గర జాతీయ రహదారి ఎక్కాలి. ముందూ వెనకా శ్రీ సిటీ కంపెనీలకు సరుకు మోసే కంటైనర్ లారీలే. రెండో గేరులో వేగం అందుకుని, క్లచ్చు తొక్కి, మూడో గేరు వేశాను. వేశాననుకున్నాను! తీరా పడింది ఐదో గేరు. నిండు బిందెతో మెట్లెక్కే మనిషికి మోకాళ్లు వణికినట్టు బండి వణికిపోయింది. ఎంత తొక్కినా ముందుకు కదలదే! వెనక లారీ హారను చెవులు చిల్లులు పడేలా మోగింది. అత్తయ్య కళ్లు మూసుకుని "గోవిందా, గోవిందా" అంటున్నారు. ఎలాగో మళ్లీ రెండులోకి లాగి, పక్కకు తీసి ఆపాను. చేతి వణుకు తగ్గడానికి అయిదు నిమిషాలు పట్టింది.

సాయంత్రం ఇంట్లో పంచాయితీ.

"ఏడాదిగా నీ ఎడమ భుజం పట్టేసి ఉంది కదా. కొన్నాళ్లు తోలడం మానెయ్. నేనున్నప్పుడు నేను తిప్పుతాను, లేనప్పుడు ఆటో ఉంది" అన్నారు మా ఆయన. మాట మెత్తగానే ఉంది. ఆయన ప్రేమతోనే అన్నారు. కానీ ఆడవాళ్ల విషయంలో ఈ "కొన్నాళ్లు" అనే మాటకు గడువు ఉండదని మనకు తెలియనిదా? కొన్నాళ్లు అని మానేసిన ఉద్యోగాలు, కొన్నాళ్లు అని అటక మీద పెట్టిన వీణలు ఎన్ని చూడలేదు! సత్యవేడులో ఉండేవాళ్లకి పెద్ద ఆసుపత్రి కావాలంటే తిరుపతో చెన్నయ్యో పోవాలి. ఆయన శ్రీ సిటీలో షిఫ్టు డ్యూటీ. అత్తయ్యను తీసుకెళ్లేది నేనే. ముప్పై దాటాక, నలుగురూ నవ్వుతుంటే నేర్చుకున్న డ్రైవింగు అది.

నా మొహం చూసి అత్తయ్యే అందుకున్నారు. "అది తోలకపోతే నన్ను ఎవురు తీసుకుపోతారు నాయనా? ముందు ఆ గేరుకి ఏమొచ్చిందో చూపీండి."

అప్పుడే మా మరిది రంగంలోకి దిగాడు. అతనికి కార్లంటే ప్రాణం. "వదినా, నీ చెయ్యిదేం తప్పు లేదు. ఆ గేరు రాడ్డు మరీ పొడుగు. మూరెడు దూరం జరపాల్సి వస్తోంది. బయట 'షార్ట్ త్రో షిఫ్టర్' అని దొరుకుతుంది. అది బిగిస్తే ఇట్ట మణికట్టు తిప్పితే చాలు, గేరు పడిపోతుంది. నీ భుజానికి పనే ఉండదు" అన్నాడు.

భుజానికి పనే ఉండదన్న మాట నాకు తేనెలా వినిపించింది. వెంటనే కొనేద్దామనుకున్నాను. కొనకుండా ఎలా ఆగానో, ఆగినందుకు ఏం నేర్చుకున్నానో చెప్పడానికే ఇదంతా. కారు తోలే ఆడవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మీలో ఎవరికైనా ఈ మాట ఎదురుకావచ్చు. కారు లేనివాళ్లు కూడా చదవండి. ఇందులో ఉన్న లెక్క మన పెరట్లోదే!

అసలేమిటీ పొట్టి రాడ్డు?

గేరు రాడ్డు అంటే మనకు పైకి కనిపించే ముక్క మాత్రమే కాదు. రాడ్డు మధ్యలో ఎక్కడో ఒక కీలు ఉంటుంది. కీలుకు పైనున్న భాగాన్ని మనం కదిలిస్తాం. కింది భాగం ఎదురు దిక్కుకి కదిలి, గేర్‌బాక్సుకు కబురు పంపుతుంది. ఒక గేరు నుంచి ఇంకో గేరుకు పోవడానికి పైనున్న గుండు, అదే నాబు, ఎంత దూరం జరుగుతుందో దాన్ని 'త్రో' అంటారు. పై భాగం పొట్టి చేసినా, కీలును కాస్త పైకి జరిపి కింది భాగాన్ని పొడుగు చేసినా ఈ దూరం తగ్గుతుంది. అదే షార్ట్ త్రో షిఫ్టర్.

కంపెనీ ఇచ్చిన రాడ్డు తీసేసి బయట దొరికేది బిగించుకునే ఈ సరదా అమెరికాలో బాగా పెరిగింది. 1950ల చివర్లో పెన్సిల్వేనియాలో జార్జ్ హర్స్ట్ అనే ఆయన మొదలుపెట్టిన కంపెనీ గేరు రాడ్లకే పేరుపొందింది. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ కారుకు హర్స్ట్ వారి షిఫ్టరునే కార్ల కంపెనీ వాళ్లు బిగించి ఇచ్చారు. 1966 నుంచి లిండా వాన్ అనే ఆవిడ 'మిస్ హర్స్ట్ గోల్డెన్ షిఫ్టర్' పేరుతో రేసుల దగ్గర, ఆకాశానికి లేచినట్టున్న ఒక పెద్ద బంగారు రంగు గేరు రాడ్డు పక్కన నిలబడి, బండి మీద ఊరేగుతూ జనానికి చెయ్యి ఊపేది. ఆ ఫోటో చూస్తే నాకు నవ్వొచ్చింది. గేరు రాడ్డు పక్కన ఆడమనిషిని నిలబెట్టాలన్న ఆలోచన అందరికీ వచ్చింది. ఆ రాడ్డు ఆడమనిషి చేతికి ఎలా ఉంటుందో అడగాలన్న ఆలోచన ఎందరికి వచ్చి ఉంటుంది?

మనదేశంలో చాలాకాలం ఈ గొడవే లేదు. పాత అంబాసిడర్లలో, ప్రీమియర్ పద్మినీల్లో గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కింద నుంచి లేచే రాడ్డు మనకు బాగా అలవాటైంది. మన స్టీరింగు కుడివైపు కాబట్టి ఆ రాడ్డు పని మొత్తం ఎడమ చేతిది. అమెరికా వాళ్లకది కుడి చెయ్యి. కుడిచేతి వాటం వాళ్లకు ఈ తేడా చిన్నదేం కాదు. నాకు పట్టేసిందీ ఆ ఎడమ భుజమే!

ముందు మెకానిక్కు మాట

కొనే ముందు ఒకసారి చూపిద్దామని షెడ్డుకు తీసుకెళ్లాం. మెకానిక్కు పెద్దాయన. నా కష్టమంతా విని, నాబు పట్టుకుని అటూ ఇటూ ఊపాడు.

"ఎప్పటి నుంచమ్మా ఇట్ట ఊగుతా ఉండేది?"

"ఊగుతోందా? అదంతే అనుకున్నానన్నా."

"గేరులో ఉండంగా రాడ్డు ఇంత ఊగకూడదు తల్లీ. అన్నం మెత్తగా ఉడికిందని కుక్కరు మారుస్తామా?"

మాలాంటి చిన్న కార్లలో రాడ్డుకూ గేర్‌బాక్సుకూ నేరుగా సంబంధం ఉండదట. ఇంజను ముందుండి ముందు చక్రాలనే తిప్పే చాలా కార్లలో రెండు కేబుళ్లు ఉంటాయి. ఒకటి ముందుకూ వెనక్కూ, రెండోది పక్కలకూ కబురు మోస్తుంది. పికప్పుల సంగతి వేరు. మా దగ్గర శ్రీ సిటీలో 2016లో ఇసుజు ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడ తయారయ్యే డీ మ్యాక్సు లాంటి బండిలో ఇంజను నిలువుగా ఉండి, గేర్‌బాక్సు సరిగ్గా డ్రైవరు పక్కకే వస్తుంది. మాన్యువల్ బండి అయితే రాడ్డు దాని నెత్తి మీదే నిలబడుతుంది. ఒక బండికి సరిపోయే షిఫ్టరు ఇంకో బండికి పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

మా కారులో పక్కలకు కబురు మోసే కేబుల్ చివర ఉండే చిన్న ప్లాస్టిక్ బుష్షు అరిగి, వదులైపోయింది. నేను మూడు అన్నప్పుడల్లా అది మూడుకూ ఐదుకూ మధ్య ఎక్కడో వెతుక్కుంటోంది. తడ దగ్గర నా ప్రాణం మీదికి తెచ్చింది అదీ! ఉంగరం వేలికి సరిపోయేంత ముక్క. షార్ట్ షిఫ్టరుకు పెట్టాల్సిన ఖర్చులో అది ఏ మూలకూ రాదు. బుష్షు మార్చాడు. క్లచ్చు సరిగా విడుస్తోందో లేదో చూశాడు. క్లచ్చు పూర్తిగా విడవకపోయినా గేరు బిగుసుకుంటుందట. గేర్ ఆయిలు కూడా మార్చాడు. వచ్చేటప్పుడు మూడు అంటే మూడే పడింది.

ఆ అరిగిన బుష్షుతోనే పొట్టి రాడ్డు బిగించి ఉంటే? ఊగిసలాట అలాగే ఉండేది. పైగా కదలిక కురచైనందువల్ల గేరుకూ గేరుకూ మధ్య దూరం ఇంకా తగ్గి, తప్పు గేరు పడే అవకాశం పెరిగేది. జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి.

అడకత్తెర చెప్పిన లెక్క

గేరు తప్పడం ఆగింది కానీ మా మరిది మాత్రం ఆగలేదు. "బుష్షు సంగతి సరే వదినా, రాడ్డు జరిపే దూరం అంతే ఉంది కదా. నీ భుజానికి పొట్టిదే మంచిది" అన్నాడు. అతని స్నేహితుడికి మా కారు లాంటిదే ఉంది, పొట్టి రాడ్డు బిగించుకున్నాడు. ఒకసారి పోల్చి చూద్దామన్నాను.

నా దగ్గరున్న కొలత సాధనం జాకెట్లు కుట్టే టేపు. ఒకటో గేరు నుంచి రెండో గేరుకు మా కారులో నాబు ఆరంగుళాలు జరిగింది. ఆ అబ్బాయి కారులో నాలుగు. మరిది గెలిచినట్టు నవ్వాడు.

అప్పుడు నాకు పాత పేపర్లు కొనే అతని కొక్కెం కాటా గుర్తొచ్చింది. వీధిలో పోతుంటే అడిగి తీసుకున్నాను. అతను నన్ను వింతగా చూశాడనుకోండి! ఇంజను ఆపి, నేను క్లచ్చు తొక్కిపట్టుకున్నాను. మా పిల్లవాడు నాబుకు గుడ్డపీలిక కట్టి, కొక్కెం తగిలించి, నెమ్మదిగా లాగాడు. మా కారులో ముల్లు రెండు కిలోల దగ్గరికి వచ్చేసరికి గేరు మారింది. ఆ అబ్బాయి కారులో మూడు కిలోలు దాకా పోయింది.

ఆరు నాలుగయింది, రెండు మూడయింది! దూరాన్నీ బరువునూ గుణిస్తే రెండు చోట్లా పన్నెండే.

ఇందులో మాయేమీ లేదు. అడకత్తెరతో వక్క కత్తిరించేటప్పుడు పిడి చివర పట్టుకుంటే సులువుగా తెగుతుంది. కీలు దగ్గర పట్టుకుంటే చెయ్యి నొప్పి పుట్టినా తెగదు. బోరింగు కొట్టేటప్పుడు చిన్నపిల్లలు పిడి చివర వేళ్లాడతారు ఎందుకు? అక్కడైతేనే వాళ్ల బలం చాలుతుంది కాబట్టి. చివర పట్టుకుంటే చెయ్యి ఎక్కువ దూరం తిరగాలి, కానీ తక్కువ బలం చాలు. కీలుకు దగ్గరగా పట్టుకుంటే దూరం తక్కువ, బలం ఎక్కువ కావాలి. రెండూ తగ్గడం కుదరదు. ఒకదాంట్లో మిగిల్చింది రెండోదాంట్లో కట్టాల్సిందే. షార్ట్ షిఫ్టరు అమ్మేవాళ్లు "ముప్పై శాతం దూరం తగ్గుతుంది" అంటారు. అది నిజమే. అదే లెక్కన చేతికి సుమారు నలభై శాతానికి పైగా బరువు పెరుగుతుందన్నది కూడా నిజమే. మొదటి మాట మాత్రమే పెద్ద అక్షరాల్లో ఉంటుంది!

ఆ అబ్బాయి కారు ఒక గంట తోలి చూశాను. ఖాళీ రోడ్డు మీద ఎంత ముచ్చటగా ఉందో! టక్కుమని పడుతుంది గేరు. అబద్ధం ఎందుకూ, నాకే సరదా పుట్టింది. 1989లో వచ్చిన మజ్దా ఎంఎక్స్-5 కారుకు ఇలాంటి కురచ గేరు కదలిక వల్ల కూడా పేరొచ్చిందంటే ఎందుకో అర్థమైంది. కానీ శ్రీ సిటీ గేటు దగ్గర షిఫ్టు వదిలే వేళకు చేరాం. బస్సుల నిండా ఆడపిల్లలు, మోటారు సైకిళ్లు, లారీలు. ఒకటి, రెండు, మళ్లీ ఒకటి, న్యూట్రల్, మళ్లీ ఒకటి. ఇరవై నిమిషాలకు నా ఎడమ భుజం తన మాట తను చెప్పేసింది. నా చేతికి ఇబ్బంది దూరంతో కాదు, లాగే బరువుతో.

పరిగెత్తి బస్సెక్కే లెక్క

ఇంకో అపోహ కూడా తీరింది. పొట్టి రాడ్డు పెడితే గేరు త్వరగా పడుతుందనుకుంటాం. చెయ్యి త్వరగా జరుగుతుంది, అంతే. లోపల జరిగే పని వేరు.

కదిలే బస్సు ఎక్కాలంటే ఏం చేస్తాం? బస్సుతో పాటు నాలుగడుగులు పరిగెత్తి, దాని వేగం అందుకున్నాక కాలు పెడతాం. నిలబడి ఎగిరి దూకితే పళ్లు రాలతాయి. గేర్‌బాక్సులోనూ అంతే. వేర్వేరు వేగాలతో తిరిగే రెండు భాగాలు కలవాలి. వాటి వేగాలను ముందు సమానం చేయడానికి 'సింక్రోనైజర్' అనే రింగు ఉంటుంది. అది రాపిడితో పని చేస్తుంది. ఆ నాలుగడుగుల పరుగుకు దానికి రెప్పపాటు సమయం కావాలి. రాడ్డు పొట్టిదైనంత మాత్రాన ఆ సమయం తగ్గదు. తొందరపడి బలవంతంగా నెడితే ఆ రింగు అరుగుతుంది. అది అరిగితే గేర్‌బాక్సు విప్పాలి, ఖర్చు మామూలుగా ఉండదు. గేరు వేసేటప్పుడు కరకర శబ్దం వచ్చే బండికి పొట్టి రాడ్డు మందు కానే కాదు.

అయితే ఎవరూ కొనకూడదా?

అలా అనను. మా మరిది తన కారుకు బిగించుకున్నాడు. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద తోలడం అతనికి సరదా. చేతుల్లో బలం ఉంది, కారు వారంటీ ఎప్పుడో అయిపోయింది. అతనికి అది సరైన వస్తువే. కొనేటప్పుడు నేను పక్కనే ఉండి నేర్చుకున్న సంగతులు చెప్తాను.

బయట దొరికేవి ఒకటే రకం కాదు. రాడ్డు మొత్తం మార్చేవి కొన్ని. కేబుల్ తగిలే చోట చేతిని మాత్రం మార్చేవి కొన్ని. వీటిలో రెండు మూడు రంధ్రాలు ఇచ్చి, ఎంత కురచ కావాలో మనమే ఎంచుకునే వీలున్నవీ ఉంటాయి. మొదటిసారి కొనేవాళ్లకు ఇవే నయం. ఒక రంధ్రంలో పెట్టి నాలుగు రోజులు తోలి, బరువనిపిస్తే ఇంకో రంధ్రానికి మార్చుకోవచ్చు. మరీ సగానికి సగం తగ్గించేవి రేసు సరదా ఉన్నవాళ్లకే.

రబ్బరు, ప్లాస్టిక్ బుష్షుల బదులు ఇత్తడివో, అల్యూమినియంవో, పాలీయురెథేన్‌వో ఇస్తారు. ఊగిసలాట పోయి గేరు గట్టిగా, కచ్చితంగా పడుతుంది. కానీ కంపెనీ వాళ్లు మెత్తటి బుష్షు పెట్టింది ఊరికే కాదు, ఇంజను అదురునూ శబ్దాన్నీ అది మింగేస్తుంది. గట్టిది పెడితే ఆ అదురు నేరుగా మన అరచేతికి వస్తుంది. వెనక సీట్లో పసిపిల్లల్ని నిద్రపుచ్చాల్సిన ఇళ్లవాళ్లు ఇది ఆలోచించుకోవాలి.

ఇక నాబు. బరువైన నాబు పెడితే చెయ్యి కదిపిన ఊపుకు దాని బరువు తోడై, గేరు సాఫీగా పడ్డట్టు ఉంటుంది. లోహంతో చేసినవి చూడటానికి వెండి గిన్నెల్లా మెరుస్తాయి. మే నెలలో ఎండలో ఆపి వచ్చి ఒకసారి పట్టుకుని చూడండి, పెనం మీద చెయ్యి పెట్టినట్టే! మన ఎండలకు తోలుదో, గట్టి ప్లాస్టిక్‌దో మేలు.

షాపు మెట్లు ఎక్కే ముందు

డబ్బు ఇచ్చే ముందు ఈ ప్రశ్నలు అడగండి. మొహమాటం వద్దు. చీర కొనేటప్పుడు పదిసార్లు తిప్పి చూసే మనం, ప్రాణాలు మోసే వస్తువు దగ్గర ఎందుకు మొహమాటపడాలి?

ఇది మా కారు మోడలుకు, ఆ సంవత్సరానికి, ఆ గేర్‌బాక్సుకే తయారైందా? "అన్నిటికీ సరిపోతుంది" అంటే లేచి వచ్చేయండి.

బిగించడానికి దేన్నైనా కోయాలా? కోత లేకుండా బిగిసేది, నచ్చకపోతే తీసి పాతది పెట్టుకోగలిగేది మాత్రమే కొనండి. విప్పిన పాత భాగాలన్నీ ఒక సంచిలో వేసి ఇవ్వమనండి. అవి మీవి.

రివర్సు పొరపాటున పడకుండా చాలా కార్లలో రింగు పైకెత్తడమో, రాడ్డు నొక్కడమో ఉంటుంది. ఆ కట్టుబాటు బిగించాక కూడా పనిచేస్తోందా? న్యూట్రల్‌లో వదిలితే రాడ్డు దానంతటది మధ్యకు వచ్చి నిలబడుతోందా?

ముందు ఇంజను ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. తర్వాత స్టార్టు చేసి చూడండి. ఒకటి, మూడు, ఐదు వేసినప్పుడు మీ వేళ్లు డాష్‌బోర్డుకు తగలకూడదు. మీ గాజులతోనే చూడండి, మెకానిక్కు చేతితో కాదు!

కేబుల్ చివర లాకు క్లిప్పులు పెట్టారో లేదో కళ్లతో చూడండి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగింపులు చూపించండి. కేబుల్ ఊడితే బండి ఉన్న గేరులోనే ఉండిపోతుంది. అది ఇంటి ముందు ఊడితే సరే, హైవే మీద ఊడితే?

ఇక చట్టం మాట. ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. తయారు చేసిన కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. గేరు రాడ్డు పొడుగు ఆర్సీలో రాయరు కదా అని ధీమాగా ఉండకండి. వారంటీలో ఉన్న బండైతే సర్వీసు సెంటరునూ, ఎలాగూ బీమా కంపెనీనీ ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. రేపు గేర్‌బాక్సుకు ఏదైనా వస్తే "మీరు బయటి భాగం బిగించారు కదా" అన్న మాట వినాల్సి రాకూడదు.

నేనేం చేశాను?

మెకానిక్కు పెద్దాయన చివర్లో ఇంకో మాట అన్నాడు. "సీట్లో కూచో తల్లీ, చూస్తాను." కూచున్నాను. నేను ఐదడుగుల మనిషిని. కాలు క్లచ్చుకు అందాలని సీటు పూర్తిగా ముందుకు జరుపుకుంటాను. దాంతో గేరు రాడ్డు నా మోచేతికి వెనక పడిపోతోంది. రెండు, నాలుగు వేసినప్పుడల్లా మోచెయ్యి వెనక్కి పోయి, భుజం మెలి తిరుగుతోంది. ఇన్నేళ్లు నొప్పికి కారణం నా భుజం అనుకున్నాను, నేను కూచున్న తీరు సంగతి ఆలోచించనే లేదు.

సీటు మీద గట్టి దిండు వేశాం. ఎత్తు పెరిగేసరికి క్లచ్చు మీదికి కాలు పైనుంచి దిగింది, సీటు రెండు గళ్లు వెనక్కి జరపగలిగాను. వీపు ఆనే పలకను కాస్త నిటారుగా చేశాను. నాబు మాత్రం మార్చాను. పాతదానికంటే అరంగుళం పొడుగుది! అందరూ పొట్టిది పొట్టిది అంటుంటే నేను పొడుగుది తెచ్చుకున్నాను. దూరం రవ్వంత పెరిగింది, బరువు రవ్వంత తగ్గింది. భుజానికి డాక్టరు చెప్పిన వ్యాయామాలు రోజూ చేస్తున్నాను. ఎప్పటికైనా ఇంకో కారు కొంటే, క్లచ్చు పెడలు లేని ఏఎంటీ కార్లు మన దగ్గర 2014 నుంచీ ఉన్నాయి. అప్పుడు చూద్దాం.

మొన్న అత్తయ్యను నాగలాపురం, పుత్తూరు మీదుగా తిరుపతి తీసుకెళ్లి తీసుకొచ్చాను. ఇంటికొచ్చాక మా ఆయన "భుజం ఎలా ఉంది?" అని అడిగారు. "ఉంది" అన్నాను. నవ్వి కాఫీ కలపడానికి లేచారు.

నాకు తెలిసొచ్చింది ఒకటే. వస్తువు మంచిదా కాదా అని అడిగితే చాలదు, ఎవరి చేతికి అని కూడా అడగాలి. మరిది చేతికి వరమైంది వదిన చేతికి శిక్ష కావచ్చు. ఎవరో కొలిచి చెప్పిన శాతాలు మన భుజానికి తెలియవు. కనుక కొనే ముందు ఆ కుట్టు టేపు ఒకసారి తీయండి. కొక్కెం కాటా అతను వీధిలోకి వస్తే పిలవండి. వింతగా చూస్తే చూడనివ్వండి. ఏమంటారు?